కలర్‌మ్యాప్‌ని ‘స్థాపించడం’ కాదు, ఎక్కించడం

ఎక్స్ విండో (యూనిక్స్ తరహా యంత్రాల్లో తెర మీద విండోలు చూపే వ్యవస్థ) మీద పాత మాన్యువల్ ఒకటి తెలుగు చేస్తున్నాను, ఒక వాక్యం దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. “విండో మేనేజర్, అప్లికేషన్ తాలూకు కలర్‌మ్యాప్‌ని ఇన్‌స్టాల్ చేస్తుంది” అన్నది ఆ వాక్యం. విండో మేనేజర్ అంటే తెర మీది విండోల అమరిక చూసుకునే ప్రోగ్రామ్. మొదట “రంగుల పటాన్ని స్థాపిస్తుంది” అని రాశాను, మళ్లీ చదివితే నాకే నచ్చలేదు. పటం అనగానే దేశపటమో గోడకు తగిలించిన బొమ్మో గుర్తొస్తుంది కదా. ఇక్కడున్నది పట్టిక. ఎనిమిది బిట్ల తెరలో ఒక్కో చుక్క దగ్గర రంగు ఉండదు, 0 నుంచి 255 లోపు ఒక అంకె ఉంటుంది, ఆ అంకెకు ఎంత ఎరుపు, ఎంత ఆకుపచ్చ, ఎంత నీలం అన్నది ఈ పట్టికలో చూసుకోవాలి. అందుకని ‘రంగుల పట్టిక’ అని ఖాయం చేసుకున్నాను.

చిక్కంతా ఇన్‌స్టాల్ దగ్గరే. సాఫ్ట్‌వేర్ అయితే ఒకసారి ఇన్‌స్టాల్ చేశాక అక్కడే ఉంటుంది, ఇంకోటి వేసినా ఇది పోదు. కలర్‌మ్యాప్ సంగతి అలా కాదు. అప్పటి యంత్రాల్లో చాలావాటికి ఒకసారి ఒక పట్టికే పట్టేది, ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టు. బొమ్మలు గీసే ప్రోగ్రామ్ తన పట్టికలో 37వ గడిని పసుపు చేసుకుందనుకోండి, పక్క విండోలో గ్రాఫ్ గీసే ప్రోగ్రామ్ తన పట్టికలో అదే 37ని ముదురు నీలం చేసుకుంది. ఫోకస్, అంటే మనం టైప్ చేసేది చేరే చోటు, గ్రాఫ్ మీదికి వెళ్లగానే విండో మేనేజర్ దాని పట్టికను ఎక్కిస్తుంది, మొదటిది దిగిపోతుంది, ఇటు బొమ్మలో పసుపు పువ్వు కాస్తా నీలమైపోతుంది. ఆ పువ్వును ఎవరూ ముట్టుకోలేదు, మెమరీలో ఇప్పటికీ 37 అనే ఉంది.

అందుకే ‘ఎక్కించు’ అంటున్నాను. దానికి జోడీగా ‘దించు’ సిద్ధంగా ఉంది, గద్దె ఎక్కించడం, గద్దె దించడం అంటాం చూడండి, ఒకటి ఎక్కాలంటే ఇంకోటి దిగాలి అన్న అర్థం ఆ జంటలోనే ఉంది. అన్‌ఇన్‌స్టాల్‌కి ‘తొలగించు’ అని రాస్తే పట్టిక చెరిగిపోయిందనుకుంటారు, అది సర్వర్‌లో, అంటే తెరను నడిపే ఎక్స్ ప్రోగ్రామ్‌లో, భద్రంగానే ఉంటుంది. పట్టిక సంగతి మారిందని ప్రోగ్రామ్‌కి సర్వర్ పంపే కబురు, కలర్‌మ్యాప్ నోటిఫై ఈవెంట్‌లో వచ్చే రెండు స్థితులకి కూడా ‘ఎక్కింది’, ‘దిగింది’ చక్కగా సరిపోతాయి.

ఇది చదివినవారి జవాబు: ఎక్కించు బాగుందండీ. కానీ మాన్యువల్‌కి మరీ నోటిమాటలా లేదా? పైగా ఎక్కించేది ప్రోగ్రామా, మేనేజరా అన్నది చదివేవాళ్లకి తెలియాలి కదా.

దానికి నా జవాబు: నోటిమాట కావడమే దాని బలమండీ, లెక్కలు పుస్తకంలోకి ఎక్కించడం అని రాతలో కూడా వాడుతూనే ఉన్నాం. మీ రెండో ప్రశ్న మాత్రం అసలైనది, ఎందుకంటే ఐసీసీసీఎం (ఎక్స్ ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి ఎలా మెలగాలో చెప్పే నియమావళి) నియమం నిలబడేది అక్కడే. ప్రోగ్రామ్ మామూలుగా తన పట్టికను తానే ఎక్కించకూడదు, విండోకి తగిలించి ఊరుకోవాలి. లోపలి చిన్న విండోలకి వేరే పట్టికలుంటే ఏది ముఖ్యమో ఆ వరసలో ఆ విండోల జాబితాను డబ్ల్యూఎం కలర్‌మ్యాప్ విండోస్ అనే ప్రాపర్టీలో (విండోకి జతచేసే సమాచారపు చీటీలో) పెడుతుంది. ఎప్పుడు, దేన్ని ఎక్కించాలో మేనేజర్ ఇష్టం. ప్రతి ప్రోగ్రామూ తనది తానే ఎక్కించుకుంటూ పోతే తెరంతా రంగులు మారుతూ కళ్లు చెదిరిపోతాయి. కాబట్టి రెండు క్రియలు విడివిడిగా రాస్తాను: ప్రోగ్రామ్ ‘తగిలిస్తుంది’, మేనేజర్ ‘ఎక్కిస్తుంది’. తెలుగులో ఇంకో సుఖం ఉంది, ‘పట్టిక ఎక్కింది’ అంటే జరిగిన పని, ‘ఎక్కించింది’ అనగానే ఎవరు అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

ఇక మిగిలింది ‘కలర్‌మ్యాప్ ఫోకస్’. మోటిఫ్ అనే విండో మేనేజర్‌లో పట్టిక ఎక్కడం కీబోర్డ్ ఫోకస్‌ని బట్టి జరగొచ్చు, మౌస్ బాణం ఎక్కడుందో దాన్ని బట్టీ జరగొచ్చు, లేదా మనం ప్రత్యేకంగా చెప్తేనే జరిగేలా పెట్టుకోవచ్చు. అంటే టైపింగ్ ఒక విండోలోకి, రంగులు ఇంకో విండోవి అయ్యే వీలుంది. దీనికి ‘రంగుల వంతు’ అని రాసి పెట్టుకున్నాను, ఎవరి పట్టిక వంతు వచ్చిందో అని. ఇంతకంటే సూటైన మాట తడితే చెప్పండి, ఆ పేజీ ఇంకా పంపలేదు.