ఏథెన్స్ నుంచి ఒక్కరోజు దీవి ప్రయాణం: మూడు దీవుల క్రూజు మేలా, ఏజీనా ఒక్కటే మేలా?

రైన్‌తీరం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము జర్మనీలోని కొలోన్‌లో ఉంటున్నాం. అమ్మానాన్నలు విజయవాడ నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. వారికున్న షెంజెన్ వీసా గ్రీసుకూ పనిచేస్తుంది కాబట్టి, సెప్టెంబరులో మావారు, నేను, మా పాప, అమ్మానాన్నలు కలిసి ఏథెన్స్ వెళ్లాలని నిర్ణయించుకున్నాం. అందులో ఒక రోజు పడవలో ఏదైనా దీవికి వెళ్లి, సాయంత్రానికి తిరిగి రావాలని కోరిక. మేము దిగబోయే హోటలువారు మూడు దీవుల క్రూజు తీసుకోమంటున్నారు. ఉదయం బస్సులో రేవుకు తీసుకువెళ్లి, హైడ్రా, పోరోస్, ఏజీనా మూడింటినీ చూపించి, ఓడలోనే భోజనం పెట్టి, రాత్రికి హోటలు దగ్గర దింపుతారట. అలా కాకుండా మామూలు ఓడ టికెట్ కొనుక్కుని ఒక్క దీవికే వెళ్లడం మంచిదని మరికొందరు చెప్పారు.

నాన్నగారు బాగానే నడుస్తారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, మెట్లు ఎక్కువ ఎక్కలేదు. కృష్ణలో భవానీ ద్వీపానికి వెళ్లే పడవ తప్ప ఇద్దరూ సముద్రం మీద ఎప్పుడూ ప్రయాణం చేయలేదు. కళ్లు తిరుగుతాయేమోనని అమ్మ ఇప్పటినుంచే బెంగపడుతోంది. పైగా ఇద్దరూ శాకాహారులు. ఇటువంటి వారితో ఏది అనుకూలమో తెలిసినవారు చెప్పగలరు.

పిరేయస్‌వాసి సమాధానం:

నేను ఏథెన్స్‌కు రేవు పట్టణమైన పిరేయస్‌లో ఓడల సరఫరా కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఏజీనాకు వెళ్లే ఓడలు మా కిటికీ ముందే బయలుదేరుతాయి. నా సలహా స్పష్టంగా చెబుతాను: ఏజీనా ఒక్కటే పెట్టుకోండి, అదీ కార్లు ఎక్కించుకునే పెద్ద ఓడలో వెళ్లండి.

మూడు దీవుల్లో హైడ్రా అన్నింటికన్నా దూరం. అక్కడి దాకా వెళ్లి, వస్తూ మిగతా రెండూ చూపించాలంటే రోజులో ఎక్కువ భాగం ఓడలోనే గడుస్తుంది. దీవికి గంటో, గంటన్నరో మిగులుతుంది. ఆ గంటలోనే దిగాలి, చూడాలి, పాపకు ఐస్‌క్రీం కొనాలి, అందరికంటే ముందు ఓడ దగ్గరికి తిరిగి రావాలి. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి ఇన్నిసార్లు దిగడం ఎక్కడమే ఒక పని అవుతుంది. ఏజీనాలోని ప్రసిద్ధమైన ఆఫయా దేవాలయం కూడా ఆ టికెట్‌లో సాధారణంగా కలిసి ఉండదు. దానికి వేరుగా డబ్బు కట్టించుకుని బస్సులో తీసుకువెళతారు.

ఏజీనాకు రెండు రకాల ఓడలు ఉన్నాయి. నీటిమీద రెక్కలపై తేలిపోయే చిన్న వేగనౌక సుమారు నలభై నిమిషాల్లో చేరుస్తుంది. కార్లు ఎక్కే పెద్ద ఓడకు గంటా పది, పదిహేను నిమిషాలు పడుతుంది, టికెట్ ధర కూడా తక్కువ. నేను ఎప్పుడూ పెద్ద ఓడవైపే మొగ్గుతాను, ఎందుకంటే వేగనౌకలో తలుపులు మూసిన గదిలో కూర్చోవాలి, పెద్ద ఓడలో పైఅంతస్తున గాలికి బల్లల మీద కూర్చుని సముద్రాన్ని చూస్తూ వెళ్లవచ్చు. అటు వెళ్లేటప్పుడు కుడివైపున కూర్చోండి. రేవు దాటగానే లంగరు వేసి ఉన్న సరుకు ఓడలు వరుసగా కనిపిస్తాయి, వాటి వెనుక పిసిటాలియా అనే చిన్న దీవి, దాని వెనుక సలామిస్ కనిపిస్తాయి. క్రీ.పూ. 480లో పర్షియా నౌకాదళాన్ని గ్రీకులు ఓడించిన జలసంధి అదే. ఆ యుద్ధంలో అందరికన్నా ఎక్కువ కీర్తి దక్కింది ఏజీనా నావికులకేనని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అంతటి బలం ఉన్న దీవి కాబట్టే ఏథెన్స్ దానిని ఓర్వలేకపోయింది. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ దానిని పిరేయస్ కంటిలో నలుసుగా భావించాడు. చివరికి క్రీ.పూ. 431లో ఏథెన్స్‌వారు ఏజీనా ప్రజలను దీవి నుంచి వెళ్లగొట్టారు. ఇదంతా నాన్నగారికి ఓడ మీదే చెప్పండి, ఆ ప్రయాణం ఆయనకు గుర్తుండిపోతుంది.

మ్యూనిక్‌శిల్పాభిమాని సమాధానం:

పైన పిరేయస్‌వాసి గారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆఫయా దేవాలయం కోసమే ఏజీనాకు ఒక పూర్తి రోజు ఇవ్వవచ్చు.

క్రీ.పూ. 500 ప్రాంతంలో కట్టిన ఆ గుడి పైన్ చెట్ల మధ్య, కొండ మీద ఉంటుంది. చుట్టూ ఉన్న 32 స్తంభాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. ఆక్రోపోలిస్‌లో జనం మధ్య నలిగిపోయి చూసినవారికి ఇక్కడి ప్రశాంతత చాలా హాయినిస్తుంది. అక్కడ తప్పక గమనించవలసిన విషయం ఒకటి ఉంది. బయటి స్తంభాలు దాదాపు అన్నీ ఒక్కొక్కటి ఒకే రాయితో చెక్కినవి. ఉత్తరం వైపు మూడింటిని మాత్రం గుండ్రటి రాతి ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి నిలబెట్టారు. లోపలి గర్భగుడి కట్టేటప్పుడు రాళ్లు చేరవేయడానికి ఆ మూడు స్తంభాల చోటు ఖాళీగా వదిలి, పని ముగిశాక ఇరుకులో మొత్తం స్తంభాన్ని నిలబెట్టడం కుదరక ముక్కలుగా పేర్చారని పండితులు వివరిస్తారు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ అతుకుల గీతలు కంటికి ఆనుతాయి. రెండున్నర వేల ఏళ్ల కిందటి మేస్త్రీ ఏ క్రమంలో పని నడిపించాడో ఆ గీతలను బట్టి తెలుసుకోవడం నాకు ఎంతో ఇష్టమైన అనుభవం.

గుడి ముఖద్వారాల పైన త్రికోణాల్లో ఉండే శిల్పాలు మాత్రం అక్కడ లేవు. 1811లో ఇంగ్లండు, జర్మనీల నుంచి వచ్చిన యువ వాస్తుశిల్పులు వాటిని తవ్వి తీశారు, మరుసటి ఏడు వేలంలో బవేరియా యువరాజు లుడ్విగ్ తరఫున కొనుగోలు చేశారు. నేడు అవి మ్యూనిక్‌లోని గ్లిప్టోథెక్ మ్యూజియంలో ఉన్నాయి. మీరు జర్మనీలోనే ఉన్నారు కాబట్టి, వీలైతే ఏథెన్స్‌కు ముందో తర్వాతో అక్కడికి కూడా అమ్మానాన్నలను తీసుకువెళ్లండి. సోమవారం మూసి ఉంటుంది, ఆ రోజు తప్పించండి. నేలకొరుగుతున్న ఇద్దరు యోధుల విగ్రహాలు అక్కడ ఉన్నాయి. పడమటి వైపు యోధుడు ఛాతీలో దిగిన బాణాన్ని లాగుతూ కూడా పెదవుల మీద పాతకాలపు చిరునవ్వుతో మనవైపే చూస్తుంటాడు. తూర్పు వైపు యోధుడు డాలు మీద ఆనుకుని, తల వాల్చి, బరువుగా కిందికి జారిపోతుంటాడు. కొద్ది ఏళ్ల తేడాతో చెక్కిన శిల్పాలే అయినా, మనిషి బాధను రాతిలో చూపించే తీరు ఆ కొద్ది కాలంలో ఎంత మారిందో వాటిని పక్కపక్కన చూస్తే అర్థమవుతుంది.

రేవు నుంచి గుడికి సుమారు పన్నెండు కిలోమీటర్లు. రేవు పక్కనే ఆగే అగియా మరీనా బస్సు గుడి ముందు నుంచే వెళుతుంది. మెట్లదారి కాదు గానీ కొంత ఎగువ నడక ఉంటుంది, కాబట్టి అమ్మగారిని నిదానంగా నడిపించండి.

ప్రయాణప్రియ సమాధానం:

ఇక్కడ అందరూ క్రూజును తీసిపారేస్తున్నారు గానీ, పెద్దవారితో వెళ్లి వచ్చిన అనుభవంతో ఒక మాట చెప్పాలి. మా అత్తగారు చక్రాల కుర్చీ లేకుండా ఎక్కువ దూరం వెళ్లలేరు. మేము క్రూజులోనే వెళ్లాం, ఆమె చాలా సంతోషించారు. హోటలు గుమ్మం దగ్గర బస్సు, ఓడలో విశాలమైన నీడ, శుభ్రమైన మరుగుదొడ్డి, దిగాలనిపించకపోతే ఓడలోనే కూర్చునే వెసులుబాటు ఉన్నాయి. తిరుగు ఓడ తప్పిపోతుందేమోనన్న ఆందోళన అసలు లేదు. దీవిలో ఏం చూశామన్నదానికన్నా సముద్రం మీద రోజంతా కుటుంబంతో గడపడమే ముఖ్యమనుకునేవారికి అది చెడ్డ బేరం కాదు. మీ అమ్మగారు నడవగలరు అంటున్నారు కాబట్టి మీ విషయంలో ఏజీనాయే మేలని నేనూ ఒప్పుకుంటాను, కానీ ఈ ప్రశ్నోత్తరాలు చదివే మరొకరికి క్రూజే సరైనది కావచ్చు.

అమ్మగారికి భక్తి ఉంటే ఒకటి చెబుతాను. అదే బస్సు దారిలో సెయింట్ నెక్టారియోస్ మఠం, పెద్ద చర్చి ఉన్నాయి. ఆయన 1920లో మరణించారు, 1961లో పునీతుడిగా ప్రకటించారు. గ్రీసు నలుమూలల నుంచి రోగులు, వారి బంధువులు మొక్కుకోవడానికి వస్తారు. పాలరాతి సమాధికి చెవి ఆనించి, లోపలి నుంచి ఏదైనా శబ్దం వినిపిస్తుందేమోనని ఓపిగ్గా కళ్లు మూసుకుని నిలబడే ముసలివారిని చూసి మా అత్తగారు కూడా చేతులు జోడించారు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి, చీర కట్టుకున్నవారికి ఆ ఇబ్బందే లేదు.

రైన్‌తీరం:

అందరికీ కృతజ్ఞతలు. ఏజీనాకే వెళ్లాలని ఇంట్లో అందరం నిర్ణయించుకున్నాం. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. ఆ రోజు గాలి ఎక్కువగా వీస్తే ఏం చేయాలి? పిరేయస్ రేవు చాలా పెద్దదని విన్నాను, సరైన ఓడను ఎలా పట్టుకోవాలి?

పిరేయస్‌వాసి:

ముందుగా గాలి సంగతి. ఏజియన్ సముద్రంలో జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్టెమి గాలులు బలంగా వీస్తాయి. సెప్టెంబరులో ఆ జోరు క్రమంగా తగ్గుతుంది. ఏజీనా ఉన్న సారోనిక్ సింధుశాఖకు మూడు వైపులా భూమి అడ్డు ఉంది కాబట్టి అలలు మామూలుగా చిన్నవే. గాలి హద్దు దాటితే రేవు అధికారులే ఓడలను ఆపుతారు. వేగనౌకలకు ఆ హద్దు తక్కువ, పెద్ద ఓడలకు ఎక్కువ. అంటే చిన్నవి ఆగిపోయిన రోజున కూడా పెద్దవి నడుస్తుంటాయి. పెద్ద ఓడ తీసుకోమనడానికి ఇది రెండో కారణం. హైడ్రాకు పిరేయస్ నుంచి రోజూ నడిచేవి వేగనౌకలే. ఆ దీవిలో చెత్తబండ్ల వంటి కొన్ని తప్ప మోటారు వాహనాలు లేవు, సామాను కంచర గాడిదల మీదే వెళుతుంది. అందమైన ఊరే గానీ, రేవు దాటి రెండడుగులు వేస్తే రాతిమెట్లే ఎదురవుతాయి, కాబట్టి అమ్మగారికి అది కష్టం.

కళ్లు తిరిగే భయం ఉన్నవారు ఓడ మధ్యభాగంలో కూర్చుని దూరంగా దిగంతం వైపు చూడాలి, ఫోను చూడకూడదు. మాత్ర వేసుకోవాలంటే డాక్టరును అడిగి బయలుదేరడానికి ముందే వేసుకోవాలి, తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా ఫలితం ఉండదు.

ఏథెన్స్ నుంచి పిరేయస్‌కు మెట్రో ఒకటో లైను, మూడో లైను రెండూ వస్తాయి. 2022 నుంచి మూడో లైను విమానాశ్రయాన్నీ పిరేయస్‌నూ నేరుగా కలుపుతోంది. రేవులో గేట్లకు సంఖ్యలు ఉంటాయి. ఏజీనా ఓడలు ఈ-8 గేటు దగ్గర ఆగుతాయి, మెట్రో నుంచి నిదానంగా పది పదిహేను నిమిషాల నడక. టికెట్ మీద గేటు, ఓడ పేరు, దిగవలసిన రేవు మూడూ చూసుకోండి. ఒకే దీవిలో ఏజీనా పట్టణం, సువాలా, అగియా మరీనా అని వేర్వేరు రేవులు ఉన్నాయి, మీరు దిగవలసింది ఏజీనా పట్టణంలో. కొన్ని ఓడలు అక్కడ ఆగి మెథానా, పోరోస్‌ల వైపు సాగిపోతాయి, ఆగేది కొద్ది నిమిషాలే కాబట్టి దీవి దగ్గరపడుతుండగానే కిందికి దిగి వెనుక వంతెన దగ్గర సిద్ధంగా ఉండండి. కార్లు అదే వంతెన మీదుగా దిగుతాయి, పాప చేయి వదలకండి.

నావికుల సమ్మె ఉంటే ఆ రోజు ఒక్క ఓడ కూడా కదలదు; అది సాధారణంగా ముందే ప్రకటిస్తారు. అందుకే దీవి ప్రయాణాన్ని తిరుగు విమానానికి ముందు రోజున పెట్టుకోవద్దు. దీవిలో దిగగానే బస్సుల వేళల పట్టికను ఫోటో తీసుకోండి. గుడి నుంచి రేవుకు తిరిగి వచ్చే బస్సు ఏదో ముందు తేల్చుకుని, దానికి సరిపడే ఓడకన్నా ఒక ఓడ తర్వాతిది తిరుగు ప్రయాణానికి ఎంచుకోండి. రేవులో ఆ మధ్య సమయం వృథా కాదు. పక్కనే కొలోనా అనే పురాతన స్థలం ఉంది. అపోలో గుడిలో మిగిలిన ఒకే ఒక్క స్తంభం అక్కడ నిలిచి ఉంటుంది. తాబేలు ముద్రతో గ్రీకు లోకంలో మొట్టమొదటి వెండి నాణేలను ముద్రించినవారిలో ఈ దీవివారూ ఉన్నారు. స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న గ్రీసు ప్రభుత్వం కూడా 1828లో కపోడిస్ట్రియాస్ నాయకత్వంలో కొంతకాలం ఈ చిన్న ఊరి నుంచే నడిచింది.

వంటింటిమాట సమాధానం:

భోజనం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. గ్రీసులో శాకాహారులు పస్తుండనక్కరలేదు. టమాటా గుజ్జులో ఉడికించిన పెద్ద తెల్ల చిక్కుడు గింజలు గిగాంటెస్, ఉడికించిన ఆకుకూర మీద నిమ్మరసం, ఆలివ్ నూనె పోసి ఇచ్చే హోర్టా, పసుపుపచ్చని పప్పుతో చేసే ఫావా దాదాపు ప్రతి హోటలులోనూ దొరుకుతాయి. ఫావా మన ముద్దపప్పులాగే ఉంటుంది, అమ్మగారికి తప్పక నచ్చుతుంది. బియ్యం నింపి వండిన టమాటాలు గెమిస్టా చాలా బాగుంటాయి గానీ, కొందరు అందులో ఖీమా కలుపుతారు, అడిగి తీసుకోండి. నిస్తీసిమో ఉందా అని అడిగితే ఉపవాసపు వంటలు చూపిస్తారు, వాటిలో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. అయితే వారి ఉపవాసంలో ఆక్టోపస్, రొయ్యలు నిషేధం కావు కాబట్టి అవి కూడా వద్దని విడిగా చెప్పాలి.

మీరు సెప్టెంబరులో వెళుతున్నారు, అది పిస్తా కోతల కాలం. ఏజీనా పిస్తాకు యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆగస్టు చివర మొదలుపెట్టి చెట్ల కింద గుడ్డలు పరిచి, కర్రలతో కొమ్మలు కొట్టి కాయలు రాల్చుతారు. పైన ఎర్రబారిన మెత్తని తొక్క తీసేసి ఎండబెడతారు. గుడికి వెళ్లే బస్సు కిటికీలోంచి ఆ తోటలు కనిపిస్తాయి. రేవు ఒడ్డున వరుసగా పిస్తా అంగళ్లు ఉంటాయి. ఆ కొద్ది వారాలు మాత్రమే తొక్కతో సహా పచ్చికాయలు అమ్ముతారు. మెత్తగా, కాస్త తియ్యగా ఉండే ఆ గింజను పాపకు తప్పక రుచి చూపించండి. అది నిలవ ఉండదు కాబట్టి అక్కడికక్కడే తినేయాలి. కొలోన్‌కు, విజయవాడకు తీసుకువెళ్లడానికైతే ఉప్పు వేసి వేయించినవే కొనండి, గాలి చొరకుండా మూసిన పొట్లాలు అడిగితే ఇస్తారు.