టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించడానికి మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోను) 4.5కీ 10కీ మధ్య ఉంటే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలా, ఆగి చూడాలా?

మందుచీటీ:
ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే టీ4 హార్మోనులో రక్తంలో విడిగా తిరిగే భాగం) మామూలుగానే ఉండి టీఎస్‌హెచ్ మాత్రం 4.5 దాటితే దాన్ని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం (ఇంకా పూర్తిగా బయటపడని థైరాయిడ్ మందగింపు) అంటారు. టీపీఓ యాంటీబాడీలు (ఒంటి రక్షణ వ్యవస్థ థైరాయిడ్ మీద దాడి చేస్తోందనడానికి గుర్తు) కూడా ఉంటే లెవోథైరాక్సిన్ (టీ4 లోటు పూడ్చే మాత్ర) వెంటనే మొదలుపెట్టాలన్నది నా వాదన. అయొడిన్ సరిపడా అందుతున్న చోట థైరాయిడ్ మందగించడానికి అన్నిటికంటే పెద్ద కారణం హషిమోటో జబ్బు. 1912లో హకారు హషిమోటో అనే జపాన్ వైద్యుడు దీన్ని మొదట వర్ణించాడు. ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథి మీద పడి దాన్ని మెల్లగా కరిగించేస్తుంది. టీ4 మామూలు హద్దులు దాటి పడిపోకముందే పిట్యూటరీ ఆ లోటు పసిగట్టి టీఎస్‌హెచ్ పెంచుతుంది. అంటే 7 అని వచ్చిందంటే గ్రంథి అప్పటికే రొప్పుతోందన్నమాట. ఇంగ్లండ్‌లో జరిగిన విక్‌హామ్ సర్వేలో టీఎస్‌హెచ్ పెరిగి యాంటీబాడీలూ ఉన్న స్త్రీలలో ఏడాదికి 4.3 శాతం మంది పూర్తి హైపోథైరాయిడిజంలోకి జారారు. జారేదాకా ఎందుకు కూర్చోవాలి?

నిలకడ:
మందుచీటీ గారూ, అదే లెక్క తిరగేసి చదవండి. ఏడాదిలో నూటికి 95 మందికి పైగా జారలేదు. టీఎస్‌హెచ్ ఒక్కటే పెరిగి యాంటీబాడీలు లేనివాళ్లలో అయితే 2.6 శాతమే. పైగా ఈ మాత్ర గ్రంథి మీద జరిగే దాడిని ఆపదు, హార్మోను లోటు పూడుస్తుంది, అంతే. లోటు ఇంకా ఏర్పడనప్పుడు పూడ్చేదేముంది? 2017లో వెలువడిన ట్రస్ట్ అధ్యయనంలో 65 ఏళ్లు, ఆపైబడిన 737 మందిని తీసుకుని కొందరికి లెవోథైరాక్సిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే నీరసంలోనూ ఇతర లక్షణాల్లోనూ తేడా కనబడలేదు. డోసు ఎక్కువైతే మాత్రం నష్టం ఖాయం. గుండె లయ తప్పుతుంది (ఏట్రియల్ ఫిబ్రిలేషన్), నెలసరి ఆగిన స్త్రీలకు ఎముకలు గుల్లబారతాయి.

ల్యాబ్‌గడప:
మీరిద్దరూ ఒక మెట్టు దాటేసి వాదిస్తున్నారు. ఆ 7 నిలిచే అంకేనా? టీఎస్‌హెచ్ రాత్రిపూట పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది. పెద్ద జబ్బు నుంచి కోలుకునేటప్పుడు కొన్నాళ్లు పెరిగి, దానంతటదే దిగుతుంది. అమియోడరోన్ (గుండె లయకు ఇచ్చే మందు), లిథియం (మానసిక జబ్బుకు ఇచ్చే మందు) వాడేవాళ్లకు ఆ మందుల వల్లే పెరగొచ్చు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయొడిన్ చాలు. సముద్రపు నాచు మాత్రలతో అంతకు ఎన్నో రెట్లు మింగితే గ్రంథి హార్మోను తయారీనే ఆపుకుంటుంది. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ ఇంకో చిక్కు. చాలా యంత్రాల్లో అది టీఎస్‌హెచ్‌ని లేనిపోని తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపించి అసలు లోపాన్ని కప్పేస్తుంది. పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపాలి. అందుకే 2-3 నెలలు ఆగి, అదే ల్యాబులో, అదే వేళకు, ఫ్రీ టీ4, టీపీఓలతో కలిపి మళ్లీ చేయించాలి. మొదటి రిపోర్టు చూసి మాత్ర రాయడం తొందరపాటు.

మందుచీటీ:
రెండోసారి చేయించాలన్నది ఒప్పుకుంటాను. కానీ నిలకడ గారూ, ట్రస్ట్ ఫలితం పెద్ద వయసువాళ్లది. దాన్ని 30 ఏళ్ల స్త్రీకి ఎలా అంటగడతారు? గర్భం కోసం చూస్తున్నవాళ్ల మాటేమిటి? మొదటి మూడు నెలలూ బిడ్డకు కావలసిన థైరాక్సిన్ (టీ4) తల్లి నుంచే రావాలి. ముందే మాత్ర వాడుతున్నవాళ్లు గర్భం నిలిచిందని తెలియగానే వారానికి 2 మాత్రలు అదనంగా వేసుకోవాలని చెప్పేది అందుకే.

నిలకడ:
గర్భం సంగతి వేరు, అక్కడ మీతో నాకు పేచీ లేదు. టీఎస్‌హెచ్ 10 దాటినవాళ్ల విషయంలోనూ లేదు. నా అభ్యంతరమల్లా మిగతావాళ్లకు ‘జీవితాంతం’ అని రాసిపారేయడం మీదే. 80 ఏళ్లు దాటినవాళ్లకు టీఎస్‌హెచ్ 7 దాదాపు మామూలే. వయసులో ఉండి లక్షణాలు బాగా బాధిస్తుంటే కొన్నాళ్లు ఇచ్చి చూడండి. 25 నుంచి 50 మైక్రోగ్రాములు చాలు. కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాముల చొప్పున లెక్కగట్టే పూర్తి డోసు గ్రంథి పూర్తిగా చేతులెత్తేసినవాళ్లది. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి 6-8 వారాల లోపు టీఎస్‌హెచ్ చూసి లాభం లేదు. అది అదుపులోకి వచ్చాక 3-4 నెలలైనా నీరసం తగ్గలేదంటే దానికి కారణం థైరాయిడ్ కాదు. మాత్ర ఆపి రక్తహీనత, నిద్ర, విటమిన్ బీ12 చూడాలి.

ల్యాబ్‌గడప:
ఆ 6-8 వారాల్లో మాత్ర ఎలా మింగారో కూడా అడగాలి. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని 30 నుంచి 60 నిమిషాలు ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. రక్తం ఇచ్చే రోజు మాత్ర తర్వాతే వేసుకోవాలి, లేకపోతే ఫ్రీ టీ4 కాస్త ఎక్కువ చూపిస్తుంది. టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ, టీ4 నిండుగా కనబడితే వారాల తరబడి మానేసి పరీక్షకు ముందు నాలుగు రోజులు గబగబా వేసుకున్నారేమోనని మొదట అనుమానించాలి. అది చూడకుండా డోసు పెంచితే, రోజూ సరిగ్గా వేసుకోవడం మొదలుపెట్టిన నాడు గుండె దడ పట్టుకుంటుంది.