రేపు నిఖత్, వూ యూ: ఐదు కార్డుల్లో ఎవరికెన్ని?

కార్నర్ స్టూల్ (31 జులై 2024, రాత్రి)
రేపు మధ్యాహ్నం పారిస్ ఒలింపిక్స్ మహిళల బాక్సింగ్‌లో 50 కిలోల ప్రీక్వార్టర్స్. నిఖత్ జరీన్‌కి చైనా అమ్మాయి వూ యూ తగిలింది. వూ యూ టాప్ సీడ్. 2023లో ఢిల్లీలో 52 కిలోల ప్రపంచ ఛాంపియన్, అదే ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 50లో స్వర్ణం. మనమ్మాయికి రెండు ప్రపంచ స్వర్ణాలున్నా (2022 ఇస్తాంబుల్‌లో 52 కిలోలు, 2023 ఢిల్లీలో 50) సీడింగ్ లేదు, అంటే బలమైనవాళ్లు ముందే తలపడకుండా ఇచ్చే వరుస సంఖ్య. అందుకే ఇంత తొందరగా ఈ తలనొప్పి. జెండా కాసేపు పక్కనపెట్టి చెప్పండి: ఎవరు, ఎంత తేడాతో, ఎందుకు? నా లెక్క వూ యూ 4-1, అంటే ఐదుగురు జడ్జిల్లో నలుగురి స్కోరుకార్డులు తనవే.

ఇందూరు పంచ్
బౌట్ గాకముందే ఓడగొడ్తివి గదనే! 28 తారీఖు నాడు జర్మనీ క్లోట్జర్‌ను 5-0తోని గెలిచింది. వూ యూకు బై వచ్చింది, అంటే మొదటి బౌట్ ఆడకుండనే ముందుకొచ్చింది, ఆ రింగ్‌ల ఒక్క బౌట్ గూడ ఆడలే. నిఖత్ కాళ్లకు ఆ కాన్వాస్ ఎంత మెత్తగున్నదో ఎరికైంది. మూడు నిమిషాల రౌండ్లు మూడే ఉన్న ఆటల మొదటి నిమిషం తడబడితే రౌండే పాయె. 2022 స్ట్రాంజా టోర్నీల టోక్యో సిల్వర్ మెడలిస్ట్ బుసె నాజ్‌ను ఓడగొట్టింది గూడ మన నిఖతే. 4-1 నిఖత్.

మూడో జడ్జి
5-0 చూసి మురిసిపోకండి. ఐదుగురు జడ్జిలూ 29-28 ఇచ్చినా 5-0యే, 30-27 ఇచ్చినా 5-0యే. రౌండు రౌండుకీ కార్డు చూడాలి.
లెక్క ఇదీ. రౌండు గెలిచినవాళ్లకి 10, ఓడినవాళ్లకి మామూలుగా 9, బాగా చిత్తయితే 8. ఒక జడ్జి దగ్గర మొదటి రెండు రౌండ్లు 10-9తో పోతే 18-20. మూడోది 10-9తో గెలిచినా 28-29, ఆ కార్డు పోయినట్టే. 10-8 తెచ్చుకుంటే 28-28 అవుతుంది, అప్పుడు జడ్జి ఎవరో ఒకరిని ఎంచుకోవాలి. దెబ్బతిన్న బాక్సర్‌కి రిఫరీ అంకెలు లెక్కపెట్టినంత (కౌంట్) మాత్రాన 10-8 ఇచ్చితీరాలని కూడా లేదు. పైగా స్కోరు రౌండు అవ్వగానే తెలిసిపోతుంది. రెండు రౌండ్లు చేతిలో ఉన్నమ్మాయి మూడోదాంట్లో దగ్గరికి రానే రాదు. అంచనా కట్టాల్సింది మొదటి రౌండు గురించే.

కార్నర్ స్టూల్
నేను వూ యూ అన్నది అందుకే. నిఖత్ ఎక్కువగా ఎదుటివాళ్లు వస్తే కొట్టే రకం. వూ యూ లోపలికి దూకి రెండు మూడు వేసి, జవాబు వచ్చేలోపు బయటికి పోతుంది. కాచుకు కూర్చుంటే జడ్జి కళ్లకి పని చేస్తున్నది ఒక్కరే. గ్లవ్స్ మీద, చేతుల మీద పడ్డవి లెక్కలోకి రావు, నిజమే. కానీ తలకి, ఒంటికి శుభ్రంగా తగిలినవి వూ యూ ఖాతాలో నాలుగైతే నిఖత్ ఖాతాలో రెండుంటాయి.
ఇంకోటి, క్లించ్. ఊపిరాడనప్పుడు నిఖత్ పట్టేసుకుంటుంది. రిఫరీ ముందు మందలిస్తాడు, ఆగకపోతే వార్నింగ్. వార్నింగ్ పడితే ఐదు కార్డుల్లోనూ ఒక్కో పాయింటు కోత, 29-28 కాస్తా 28-28. చాలా ఖరీదైన కౌగిలి!

ఇందూరు పంచ్
అది మాత్రం ఒప్పుకుంట. మరి మందు గూడ ఉన్నది గదా. ఎన్కబడి ఉరికితే వూ యూ దొరకదు, తొవ్వకు అడ్డం పోవాలె. ఆమె ఎడమకు జరిగితే నిఖత్ కుడికాలు పక్కకేసి తాళ్ల దిక్కు నెట్టాలె. జాబ్ (ముందు చేతితోని సూటిగ ఏసే గుద్దు) తలకు గాదు, పొట్టకెయ్యాలె. తల ఎన్కకు గుంజుకోవచ్చు, పొట్ట ఎట్ల గుంజుకుంటది? రెండు మూడు తాకినంక మోచేతులు కిందికొస్తయి, అప్పుడు కుడి స్ట్రెయిట్.

యాభై కిలోలు
తూకం సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రొఫెషనల్స్‌కి ముందురోజు తూకం, రాత్రంతా తాగి తిని కోలుకుంటారు. ఇక్కడ బౌట్ ఉన్న రోజు పొద్దునే. లీటరు నీళ్లంటే కిలో, కాబట్టి ఈ రాత్రి గొంతు తడుపుకోవడమే తప్ప తాగడం ఉండకపోవచ్చు. తూకమయ్యాక మిగిలే కొద్ది గంటల్లో ఒళ్లు పూర్తిగా తేరుకోదు, ఆ లోటు మూడో రౌండులో కాళ్లలో బయటపడుతుంది. ఇద్దరూ 52 నుంచి దిగినవాళ్లే కనక ఇది ఒక్కరికే నష్టమని అనలేం. కాకపోతే వెనకబడ్డవాళ్లకే ఆ కాళ్లతో ఎక్కువ అవసరం.

మూడో జడ్జి
ఇందూరు గారూ, ప్లాన్ బాగుంది. నా భయం వేరే. నిఖత్ హాంగ్‌ఝౌ సెమీస్‌లో థాయ్‌లాండ్ రక్సత్ చేతిలో 2-3తో ఓడింది. ఈ ఏడాది స్ట్రాంజా ఫైనల్లో ఉజ్బెకిస్థాన్ బొబొకులోవా చేతిలో 2-3. అంచు బౌట్లు చేజారుతున్నాయి. ఆ రక్సత్‌నే వూ యూ హాంగ్‌ఝౌ ఫైనల్లో ఓడించింది. రేపు గెలిచినా క్వార్టర్స్‌లో ఎదురయ్యేది రక్సత్, బొబొకులోవాల్లో ఒకరే, ఎవరికెవరో తేల్చిన డ్రా చూశారా!

ఇందూరు పంచ్
ఆమె ఈమెను కొట్టె, ఈమె ఇంకొకామెను కొట్టె అని గొలుసు అల్లితే బాక్సింగ్‌ల నడ్వదన్నా. ఒక్కొక్కరి ఆట ఒక్కొక్కరికి పడ్తది.

కార్నర్ స్టూల్
నడవదు, సరే. మొదటి రౌండు ఎవరిదో మాత్రం చెప్పు.

ఇందూరు పంచ్
...వూ యూది. 3-2.

కార్నర్ స్టూల్
మరి బౌటు?

ఇందూరు పంచ్
3-2 నిఖత్. ఇంతకన్న కిందికి దిగ.