రేడియోలో విన్న ఉల్కలను లెక్కలోకి తీసుకోవచ్చా?

చర్చ ప్రారంభం:
డిసెంబరు 13 రాత్రి జర్మనీలో మా ఊరిపై దట్టంగా మబ్బు పట్టడంతో ఏటా డిసెంబరులో కురిసే జెమినిడ్ ఉల్కాపాతంలో ఉల్క ఒక్కటీ కంటబడలేదు. అయితే ఫ్రాన్సులో దిజోన్ సమీపాన ఉన్న గ్రావ్ రాడార్ 143.050 మెగాహెర్ట్జ్‌పై ఎడతెగకుండా పంపే తరంగాలు, సుమారు వంద కిలోమీటర్ల ఎత్తున ఉల్కలు విడిచిన అయనీకృత (విద్యుదావేశం పొందిన వాయువు) జాడలను తాకి చెదిరి వస్తుంటే, యాగి యాంటెన్నా (ఒక దిశ నుంచి వచ్చే తరంగాలను బాగా పట్టేది), ఎస్‌డీఆర్ రిసీవర్ (సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే రేడియో)ల సాయంతో రాత్రంతా విన్నాను. ఉదయం ఆరు గంటల ప్రాంతంలో అవి అత్యధికంగా వినిపించాయి. ఉల్కాపాతం పతాకస్థాయి అప్పుడేనని నమోదు చేయవచ్చా?

మొదటి ప్రతిస్పందన:
చేయకూడదు. గ్రావ్‌ను నిర్మించిందే ఉపగ్రహాలపై నిఘాకు. అంతరిక్ష కేంద్రం నుంచి, చివరకు చంద్రుడి నుంచి కూడా దాని ప్రతిధ్వనులు వస్తాయి. కంటితో చూసినదే పరిశీలన.

రెండవ ప్రతిస్పందన:
కంటికి కనిపించినదే పరిశీలన అంటే, పట్టపగలు కురిసే ఏరిటిడ్ ఉల్కాపాతం మనకు తెలిసేదే కాదు. దాన్ని 1947లో ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్ వద్ద రాడార్‌తోనే కనుగొన్నారు. అంతరిక్ష కేంద్రం ప్రతిధ్వని డాప్లర్ ప్రభావం (వస్తువు కదలికను బట్టి తరంగ పౌనఃపున్యం మారడం) వల్ల రిసీవర్ తెరపై వాలుగీతగా సాగుతుంది, ఉల్క జాడ చాలావరకు క్షణంలోనే ఆరిపోతుంది. ఓపికగా చూస్తే రెండింటినీ వేరు చేయవచ్చు.

అయితే ఆరు గంటల నిర్ణయాన్ని నేను ఒప్పుకోలేను. తెల్లవారుజామున మనం ఉన్న భాగం భూమి పరుగు తీసే దిశకు ఎదురుగా ఉంటుంది కనుక, ఏ ఉల్కాపాతానికీ చెందని విడి ఉల్కలు ఏ రోజైనా ఆ వేళకే ఎక్కువవుతాయి. జెమినిడ్‌ల ఉద్భవ బిందువు (ఆకాశంలో ఉల్కలు వెలువడుతున్నట్టు కనిపించే చోటు) రాత్రి రెండు గంటలకు బాగా పైకి చేరుతుంది. చూసేవారికి అది మేలైన సమయమే గాని, ప్రసారిణి, రిసీవర్‌ల మధ్య తరంగం ప్రతిఫలించడానికి ఉల్క జాడ తగిన కోణంలో ఉండాలి గనుక, మన రేడియోల్లో సరిగ్గా అప్పుడే లెక్క తగ్గవచ్చు. పైగా రేడియోకు అందే సన్నని కణాల ఉధృతి, పెద్ద ఉల్కల ఉధృతి కంటే ముందే వస్తుంది. అందువల్ల అదే యాంటెన్నాతో, అదే అమరికతో డిసెంబరు మొదటి వారంలో తీసిన గంటవారీ లెక్కలను ఇందులోంచి తీసివేస్తే తప్ప ఈ సంఖ్యలకు అర్థం ఉండదు. అవి మీ వద్ద ఉన్నాయా?

చర్చ ప్రారంభించినవారు:
లేవు, యాంటెన్నా బిగించిందే 12వ తేదీన. పతాకస్థాయి అన్న మాట తీసివేసి, గంటవారీ సంఖ్యలను మాత్రం ఉంచుతాను. ఉర్సిడ్‌లు అనే మరో ఉల్కాపాతం వచ్చే 22వ తేదీని, దాని ముందు వెనుక రోజులను విడిచిపెట్టి, పోలికకు కావలసిన మామూలు రోజుల లెక్కల కోసం నెలాఖరు వరకు ఏ మార్పూ చేయకుండా రిసీవర్‌ను నడుపుతాను.