డిమెన్షియాకు స్పీచ్ థెరపీ: మీ ఇళ్లలో పనికొచ్చిందా?

గోదారిగట్టు: అల్జీమర్స్ అని తేలి ఏడాది దాటిన మా అమ్మ మాట స్పష్టంగానే ఉన్నా, గరిటెను ‘కలిపేది’ అంటున్నారు. న్యూరాలజిస్టు స్పీచ్ థెరపీ రాశారు. మాట పడిపోని మనిషికి అదెందుకో, ఖర్చెంతో, తెలుగులో చేయిస్తారో లేదో తెలిసినవారు చెప్పగలరు.

పెద్దకోడలు: మా మామగారికి ప్రమాదం మాటతో కాదు, మింగడంతో వచ్చింది. నీళ్లు తాగినప్పుడల్లా పొలమారేది. అలా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి రెండుసార్లు న్యుమోనియా వచ్చాక గానీ, మింగడాన్ని పరీక్షించేదీ స్పీచ్ థెరపిస్టేనని మాకు తెలియలేదు. పొడి కలిపి చిక్కబరచిన నీళ్లు ఇచ్చాక దగ్గు తగ్గింది. అందరూ ముందు ఆ పొడి కొనండి.

రాఘవపురం: అందరినీ కొనమనడం సరికాదు. మా నాన్న ఆ జిగురు నీళ్లు ముట్టక, రోజుకు రెండు గ్లాసులకు దిగి, మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రి పాలయ్యారు.

పెద్దకోడలు: మీరు పొడి ఎక్కువ వేసి ఉంటారు.

రాఘవపురం: చెంచా లెక్క మాకూ తెలుసునండీ.

పద్నాలుగేళ్లవృత్తి: నేను స్పీచ్ థెరపిస్టును. చెంచాలతో తగువు తేలదు. పానీయాల చిక్కదనానికి 0 నుంచి 4 వరకు స్థాయిలున్నాయి. పలుచని స్థాయిలను సిరంజిలో 10 మిల్లీలీటర్లు పోసి, 10 సెకన్లలో ఎంత మిగిలిందో చూసి తేలుస్తాం. ఎవరికే స్థాయి కావాలో, అసలు కావాలో వద్దో మింగడాన్ని పరీక్షించాకే చెప్పాలి. రాఘవపురం గారు చెప్పినట్టు నీళ్లు తాగడం తగ్గిపోవడమూ మేము తరచు చూసేదే.

నాలుగుభాషలు: హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చినట్టు తేలిందట. నాలుగు భాషలు వచ్చిన మా నాన్నగారికి 66కే వచ్చింది. ఈ లెక్కలను నేను నమ్మను.

పద్నాలుగేళ్లవృత్తి: అది సగటు, పూచీకత్తు కాదు. గోదారిగట్టు గారి అమ్మగారికి థెరపీ మాత్రం ఆవిడ ఇంట్లో మాట్లాడే భాషలోనే జరగాలి.

కాకినాడచెల్లెలు: మా అక్క సాయంత్రం కాగానే ‘పిల్లలు బడి నుంచి రాలేదేం’ అని పదేపదే అడిగేది. థెరపిస్టు సలహాతో ఫోటోల పుస్తకం కట్టి, పేజీకొక ఫోటో, కింద పెద్ద అక్షరాలతో ఒకే వాక్యం పెట్టాం: ‘పెద్దబాబు రాజమండ్రిలో ఉద్యోగం చేస్తున్నాడు.’ బెంగ కలిగితే పుస్తకం తెరవాలన్న సంగతి నాటుకునేలా అర నిమిషానికి, నిమిషానికి, రెండు నిమిషాలకు అలా ఎడం పెంచుతూ అడిగాం. తడబడితే వెంటనే జవాబు అందించాం. ఇప్పుడు ఒళ్లో పెట్టుకుని తనే చదువుకుంటోంది. గరిటె పేరు కోసం అమ్మగారిని పరీక్షించకండి. ‘కలిపేది’ అన్నా మీకు అర్థమైంది కదా.

గోదారిగట్టు: పుస్తకం ఈ వారమే మొదలుపెడతాను. ఖర్చు సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

పెద్దకోడలు: అమ్మగారు నీళ్లు తాగుతూ దగ్గుతున్నారేమో మాత్రం కనిపెట్టి చూడండి. నేనిక పొడి పేరెత్తను.