బర్న్-ఇన్: మారేది స్పీకరా, వినేవారా?

మంద్రస్థాయి:
కొత్త స్పీకర్‌ను కొన్నాళ్లు మోగించి కుదురుకోనివ్వడాన్నే బర్న్-ఇన్ అంటారు. అలా కనీసం 100 గంటలు మోగించకుండా దాని నాణ్యతపై తీర్పు చెప్పకూడదని నా అభిప్రాయం. ధ్వనిని పుట్టించే కోన్ అంచున ఉండే సరౌండ్ అనే మెత్తటి వలయం, వెనుక రెసిన్ పట్టించిన గుడ్డతో చేసిన స్పైడర్ కొత్తలో బిగుతుగా ఉండి వాడకంతో సడలుతాయి. అటువంటప్పుడు ధ్వని మారదని ఎలా అనగలం? ఆంప్లిఫయర్లకూ కేబుళ్లకూ ఇదే వర్తిస్తుందని నమ్ముతున్నాను.

కొలబద్ద:
స్పైడర్ సడలుతుందన్న మాటతో నాకు పేచీ లేదు. డ్రైవర్ (స్పీకర్‌లో ధ్వనిని పుట్టించే భాగం) అనునాద పౌనఃపున్యం, అంటే అది సహజంగా ఎక్కువగా కంపించే పౌనఃపున్యం, తగ్గడం కొలతల్లోనే కనిపిస్తుంది. అయితే ఆ సడలింపులో అధిక భాగం గట్టిగా మోగించిన తొలి నిమిషాల్లోనే పూర్తవుతుంది. పైగా బిగువు తగ్గినప్పుడు అనునాద పౌనఃపున్యంతోపాటు క్యూ విలువ (ఆ అనునాదం ఎంత తీక్షణంగా ఉందో చెప్పే కొలత) కూడా దాదాపు అదే నిష్పత్తిలో తగ్గుతుంది కనుక రెండింటి ప్రభావాలు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మూసిన పెట్టెలో బిగించాక స్పైడర్ కన్నా లోపలి గాలే ప్రధానమైన స్ప్రింగుగా పనిచేస్తుంది కనుక, చివరికి చెవికి చేరే తేడా సాధారణంగా ఒక డెసిబెల్‌లో చిన్న భాగానికి మించదు. హెడ్‌ఫోన్ తలపై కాస్త పక్కకు జరిగితే బాస్‌లో అంతకంటే ఎక్కువ మార్పు వస్తుంది. ఇక కేబుల్‌లో సడలడానికి ఏ భాగమూ లేదు.

నాకు అసలు అనుమానం మరొకచోట ఉంది. పదార్థం మారితే ధ్వని కొన్నిసార్లు మెరుగుపడాలి, కొన్నిసార్లు పాడవాలి. కానీ బర్న్-ఇన్ తరువాత తన స్పీకర్ చెడిందని చెప్పేవారు ఎందుకు కనబడరు? (100 గంటలు గడిచేసరికి వాపసు గడువు కూడా దాటిపోవడం యాదృచ్ఛికమే కావచ్చు.)

తంత్రి:
వాల్వ్ ఆంప్లిఫయర్ (ట్రాన్సిస్టర్లకు బదులు వేడెక్కే గాజు గొట్టాలతో పనిచేసేది) స్విచ్ వేసిన కొన్ని నిమిషాలకు గానీ కుదురుకోదు కదా?

కొలబద్ద:
అది వేడెక్కడం మాత్రమే. ఆపి చల్లారనిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. శాశ్వతంగా మారడం వేరు.

మంద్రస్థాయి:
కొలతలకు అందనిది చెవికి అందవచ్చు. ట్రెబుల్‌లోని కరకుదనం తగ్గడం నేను స్వయంగా విన్నాను.

కొలబద్ద:
మీరు విన్నారన్న విషయాన్ని కాదనను. కానీ సూక్ష్మమైన ధ్వనిభేదాల జ్ఞాపకం క్షణాల్లోనే చెదిరిపోతుంది కనుక, వారాల క్రితం విన్నదానితో నేటి ధ్వనిని పోల్చడం కుదరదు. ఒకే మోడల్ స్పీకర్లు రెండు తీసుకుని, కొత్తగా ఉన్నప్పుడే తెర వెనుక ఉంచి, ధ్వని స్థాయిలను 0.1 డెసిబెల్ వరకు సరిచేసి, ఏది మోగుతోందో మీకు గానీ మోగించేవారికి గానీ తెలియకుండా 16 సార్లు పోల్చండి. తరువాత ఒకదాన్ని మాత్రమే 100 గంటలు మోగించి, మళ్లీ అదే పరీక్ష చేయండి. 16 సార్లలో 12 లేదా అంతకు మించి కేవలం ఊహతో సరిగ్గా చెప్పే అవకాశం 4 శాతం కన్నా తక్కువ. రెండో విడతలో కనీసం 12 సార్లు సరిగ్గా గుర్తించగలిగితే మీ వాదనను పట్టించుకోక తప్పదు. మొదటి విడతలోనే గుర్తించగలిగితే మాత్రం ఆ జత తయారీలోనే తేడా ఉన్నట్టు. దాన్ని పక్కనపెట్టి వేరే జతతో మొదలుపెట్టాలి.