పరమహంస నాటకం చూసిన స్టార్ థియేటర్ ఇప్పటికీ ఉందా?

ప్రశ్న – గోదావరి పాఠకురాలు

వచ్చే నెల అమ్మను కోల్‌కతా తీసుకువెళుతున్నాను. దక్షిణేశ్వరం, బేలూరు మఠం సరే, అమ్మకు ఇంకొక కోరిక ఉంది. రామకృష్ణ పరమహంస చైతన్య మహాప్రభువు కథ అయిన ‘చైతన్యలీల’ నాటకం చూసిన స్టార్ థియేటర్‌లో ఒక్క నిమిషం కూర్చోవాలట. హాతీబాగాన్‌లో ఆ పేరుతో ఒక హాలు ఉందని విన్నాను. ఆయన వెళ్లింది అక్కడికేనా?

జవాబు – శ్యాంబజార్ ట్రాము

కాదండీ. ఈ మాట అమ్మగారికి ఇక్కడే చెప్పి తీసుకువెళ్లండి.

పరమహంస 1884 సెప్టెంబరు 21న వెళ్లింది బీడన్ వీధిలోని మొదటి స్టార్‌కు. తరువాతి కాలంలో సెంట్రల్ అవెన్యూ వేసేటప్పుడు ఆ భవనం రోడ్డు కింద పోయింది. ఉద్యోగరీత్యా ఉత్తర కలకత్తాలో పదకొండేళ్లు ఉన్నాను. వెళ్లిన కొత్తలో ఒక ఆదివారం పొద్దున దాని ఆనవాలు కోసం అక్కడంతా తిరిగాను. ఎదురుగా బస్సులు తప్ప ఏమీ లేవు. చాలాసేపు కాళ్లు కదలలేదు.

హాతీబాగాన్ హాలు 1888 నాటిది. గోపాల్ లాల్ శీల్ అనే ధనికుడు బీడన్ వీధి స్థలాన్ని కొన్నప్పుడు నటులు భవనాన్ని వదులుకున్నారు కానీ ‘స్టార్’ అన్న పేరును వదులుకోలేదు. ఆ పేరు పట్టుకుని హాతీబాగాన్ వెళ్లి కొత్త హాలు కట్టుకున్నారు. ‘చైతన్యలీల’ రాసిన నాటకకర్త గిరీశ్ చంద్ర ఘోష్ అప్పటికి శీల్ దగ్గర ఒప్పందంలో చిక్కుకుని ఉన్నారు. అక్కడ తనకు ముట్టిన 20,000 రూపాయలలో 16,000 పాత మిత్రుల హాలుకు ఇచ్చేశారు. కొత్త హాలులో మొదట ఆడిన ‘నసీరామ్’ కూడా ఆయన రాసిందే. తన పేరు బయటపెట్టకుండా రాసి ఇచ్చారు.

అయితే నాకు అన్నిటికంటే గుండె బరువెక్కేది నటి బినోదిని సంగతి. ‘చైతన్యలీల’లో చైతన్యుడి వేషం వేసింది ఆమే. మొదటి స్టార్ లేచి నిలబడింది కూడా ఆమె వల్లనే. గుర్ముఖ్ రాయ్ అనే సంపన్న యువకుడు తనతో ఉంటే 50,000 రూపాయలు ఇస్తానన్నాడు. ఆమె డబ్బు వద్దని, నాటకశాల కట్టించమని అడిగింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. పునాదుల పని జరుగుతుంటే కూలీలతో పాటు తానూ మట్టి తట్టలు మోశానని ఆత్మకథలో రాసుకుంది. హాలుకు తన పేరు పెడతామని తోటివారు నమ్మబలికారు. 1883లో రిజిస్ట్రేషన్ చేయించి తిరిగి వచ్చిన వాళ్లను ఏ పేరు పెట్టారని అడిగితే ‘స్టార్’ అన్నారు. వేశ్యల ఇంట పుట్టిన స్త్రీ పేరు గుమ్మం మీద ఉంటే జనం రారని భయపడ్డారు. టిక్కెట్టు కొన్న జనం చూడటానికి వచ్చింది ఆమెనే కదా! 1886 ముగిసేసరికి, ఇరవై మూడేళ్లకే, రంగస్థలం వదిలేసింది. ఆ తరువాత యాభై ఏళ్లకు పైగా బతికింది కానీ మళ్లీ రంగు పూసుకోలేదు. హాతీబాగాన్ హాలులో ఆమె ఒక్కసారి కూడా ఆడలేదు.

జవాబు – పాత కరపత్రాలు

పై వివరాలకు కొంచెం చేరుస్తాను. హాతీబాగాన్ హాలును తక్కువ చేయకండి. 1953లో మొదలైన ‘శ్యామలి’ అక్కడ 400కు పైగా ప్రదర్శనలు ఆడింది. బెంగాలీ సినిమా నటుడు ఉత్తమ్ కుమార్ అందులో నాయకుడు. 1991 అగ్నిప్రమాదంలో లోపలి భాగం కాలిపోయింది. నగరపాలక సంస్థ బాగుచేయించి మళ్లీ తెరిచింది కానీ ఎక్కువగా సినిమాలే వేస్తూ వచ్చారు. ఇంకొక మాట. పేరును బినోదినీ థియేటర్‌గా మారుస్తున్నట్టు ముఖ్యమంత్రి మమతా బెనర్జీ 2024 డిసెంబరు 30న ప్రకటించారు. దారి అడిగేటప్పుడు రెండు పేర్లూ చెప్పండి.

గోదావరి పాఠకురాలు

అమ్మకు చదివి వినిపించాను. పేరు మార్పు దగ్గర కళ్లు తుడుచుకుంది. మరి ఆ రోజు వాసన ఇంకా మిగిలిన చోటు ఏదైనా ఉందా?

జవాబు – శ్యాంబజార్ ట్రాము

ఉంది. బాగ్‌బజార్‌లో గిరీశ్ ఘోష్ ఇల్లు చూపించండి. నాటకశాల మీదుగా రోడ్డు వేసిన నగరమే ఆయన ఇంటి దగ్గర రోడ్డును రెండుగా చీల్చింది. ఇల్లు నడిరోడ్డు మీద, చుట్టూ వాహనాలు పోతుండగా నిలబడి ఉంటుంది.

అక్కడి నుంచి శ్యాంపుకుర్ ఇంటికి వెళ్లండి, దగ్గరే. 1885లో పరమహంస జబ్బుతో ఉన్నది ఆ ఇంట్లోనే. శిష్యులు ఎవరినీ పైకి పంపడం లేదు. బినోదిని కోటు, టోపీ వేసుకుని దొర వేషంలో కాపలా దాటి పైకి వెళ్లింది. ఎవరో తెలిశాక ఆయన నవ్వారు. ఆమె పాదాల దగ్గర కూర్చుని ఏడ్చింది.

నాటకానికి బయలుదేరేముందు, వేషాలు వేసేది వేశ్యలని ఎవరో అభ్యంతరం చెబితే, వాళ్లను ఆనందమయి అయిన జగన్మాతగానే చూస్తానని ఆయన అన్నారు. బెండుతో చేసిన సీతాఫలం చూసినా అసలు సీతాఫలమే గుర్తుకు వస్తుందని కూడా అన్నారు. అమ్మగారికి ఈ మాట తెలిసే ఉంటుంది. ఆ ఇంట్లో మెట్లు ఎక్కేటప్పుడు ఒకసారి గుర్తుచేయండి. మెట్లు ఇరుకు, చేయి పట్టుకుని ఎక్కించండి.